ఆ ఆకాశం ఎవరి పని?

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రకృతి దృశ్య చిత్రాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన రెండు పేజీల వ్యాసం శ్రద్ధగా చదివాను. ఈ విషయానికి అంత చోటిచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. వ్యాసంలోని ఒక మాట, బొమ్మల కింద వేసిన ఒక మాట నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. కెమెరా వచ్చాక ప్రకృతి చిత్రకారుడి పని అయిపోయిందన్నది వ్యాసంలోని మాట. బొమ్మల కింద ఉన్న మాట "ప్రింట్". మీరు వేసిన నాలుగు బొమ్మల్లో ఒకటి పాత ఫోటో, ఒకటి జపాన్ చెక్క అచ్చు, ఒకటి రాగి రేకును ఆమ్లంతో కొరికించి దాని మీంచి తీసిన ఆక్వాటింట్. నాలుగోది ఒక నీటిరంగుల చిత్రానికి ఇంక్‌జెట్ యంత్రం మీద తీసిన నకలు. నాలుగింటి కిందా ఆ ఒక్క మాటే ఉంది.

ఈ రెండు పొరపాట్లూ ఒకే చోట పుట్టాయి. ఫోటో, చిత్రలేఖనం, అచ్చు కళ ఒకదాని పని ఒకటి చేసుకుంటూ, ఒకదాని పనిముట్లు ఒకటి వాడుకుంటూ పెరిగాయి. ఆ సంగతి తెలియాలంటే బొమ్మలో ఆకాశం ఉన్న చోట కాసేపు ఆగి చూడాలి. కొండకు అంచుంది, గుడికి గీతలున్నాయి, చెట్టుకు కొమ్మలున్నాయి. ఆకాశానికి పట్టుకోవడానికి ఏమీ లేదు. పైన ముదురుగా మొదలై, ఎక్కడా తెగకుండా, దిగంతం దగ్గరికి వచ్చేసరికి తేటపడిపోవాలి. చిత్రకారుడు తడి కాగితం మీద కుంచె ఒక్కసారి లాగి ఆ పని చేయగలడు. రాగి రేకు చేత, చెక్క పలక చేత, వెండి లవణం చేత అదే పని చేయించడం చాలా కష్టం. ఈ మూడు పనులూ ఒకదాని సాయం ఒకటి అడిగింది అక్కడే.

మన దేశపు కొండలూ కోటలూ ఇంగ్లండు వాళ్ల ఇళ్లలో గోడలెక్కింది ఫోటో వల్ల కాదు, ఆక్వాటింట్ వల్ల. ఇంగ్లండు చిత్రకారుడు థామస్ డేనియల్, అతని సోదరుడి కొడుకు విలియం 1786లో కలకత్తాలో దిగారు. ఉత్తరాన హిమాలయాల దాకా, దక్షిణాన కన్యాకుమారి దాకా తిరిగి, 1795 నుంచి 1808 వరకు "ఓరియంటల్ సీనరీ" పేరుతో 144 ఆక్వాటింట్లు వెలువరించారు. అప్పటికి ఫోటో పుట్టలేదు, కెమెరా మాత్రం ఉంది. వాళ్లు వెంట మోసుకెళ్లిన కెమెరా అబ్‌స్క్యూరా అంటే కటకం బిగించిన చీకటి పెట్టె. అందులో కాగితం మీద పడిన దృశ్యాన్ని పెన్సిల్‌తో అనుసరించి గోపురాల కొలతలు పట్టుకున్నారు. తరవాత నీటిరంగులు వేశారు, తరవాత రాగి మీదికి ఎక్కించారు, అచ్చు తీసిన కాగితాల మీద మళ్లీ చేత్తో రంగులు వేయించారు. కెమెరా, కుంచె, ఆమ్లం, ప్రెస్, మళ్లీ కుంచె. ఫోటోగ్రఫీ పుట్టడానికి 40 ఏళ్ల ముందే ఒకే బొమ్మలో ఇన్ని చేతులు పడ్డాయి.

ఆక్వాటింట్‌లో ఆకాశం ఎలా వస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. మీరు వేసిన బొమ్మ విలువ అక్కడే ఉంది.

మిల్లీమీటరు పైచిలుకు మందమున్న రాగి రేకు అంచులను ఆకురాయితో వాలుగా అరగదీస్తారు. అలా చేయకపోతే ప్రెస్‌లో అంచు ఫెల్టు దుప్పటిని కోసేస్తుంది. తరవాత సుద్దపొడిలో నాలుగు చుక్కల అమ్మోనియా కలిపి రేకును తోముతారు. నీళ్లు పోస్తే విడిపోకుండా ఒకే పొరగా నిలిస్తే జిడ్డు పోయినట్టు. ఒక్క వేలిముద్ర మిగిలినా అది రేపు ఆకాశం మధ్యలో కనిపిస్తుంది. పైన్ చెట్టు జిగురు నుంచి తీసే రోజిన్‌ను మెత్తని పొడి చేసి, మూత ఉన్న పెట్టెలో రేపుతారు. బరువైన గింజలు కిందికి దిగడానికి పావు నిమిషమో అర నిమిషమో ఆగి అప్పుడు రేకు లోపల పెడతారు. రెండు మూడు నిమిషాల్లో సన్నని పొడి మంచులా రేకు మీద పరుచుకుంటుంది. దాదాపు సగం రాగి కప్పడాలి, సగం కనపడాలి. తరవాత రేకును కింది నుంచి వేడి చేస్తారు. తెల్లగా ఉన్న పొడి కరిగి అద్దంలా మెరిసిన క్షణమే వేడి తీసేయాలి. ఇంకొంచెం ఆలస్యమైతే గింజలన్నీ కలిసి ఒకే పొరైపోతాయి. ఆమ్లానికి దారి ఉండదు, ఆకాశం తెల్లగా మిగులుతుంది. పొడి మరీ పలచగా పడితే గింజల మధ్య రాగి బట్టబయలుగా తినేసుకుపోతుంది. అక్కడ సిరా నిలవదు, ముదురు రావాల్సిన చోట బూడిద మచ్చ వస్తుంది. ఇక వానాకాలంలో తేమకు రోజిన్ ముద్దకడితే ఆకాశానికి అమ్మవారు పోసినట్టే ఉంటుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. గాలిలో లేచిన రోజిన్ పొడి నిప్పు తగిలితే భగ్గుమంటుంది, ఊపిరితిత్తులకూ మంచిది కాదు. పెట్టె ఉన్న గదిలో మంట ఉండకూడదు, ముక్కుకు మాస్కు ఉండాలి.

ఇప్పుడు ఆమ్లంలా రాగిని తినే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం తొట్టి. గింజల సందుల్లో రాగిని అది కొరుకుతుంది. ఎంత సేపు కొరికితే అంత లోతు, ఎంత లోతైతే అంత సిరా నిలిచి అచ్చు అంత ముదురు. మబ్బు తెల్లగా మిగలాల్సిన చోట ముందే వార్నిష్ పూస్తారు. 10 సెకన్లు ముంచి తీసి, కడిగి, ఆరబెట్టి, తరవాతి లేత భాగాన్ని వార్నిష్‌తో మూసి మళ్లీ ముంచుతారు. 20 సెకన్లు, 40, 80, 160 అంటూ ప్రతిసారీ రెట్టింపు చేసుకుంటూ పోతేనే కంటికి మెట్లు సమానంగా అనిపిస్తాయి. ఎప్పుడూ అన్నే సెకన్లు పెంచుకుంటూ పోతే ముదురు భాగాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. మెట్లు లేకుండా జారే ఆకాశం కావాలంటే రేకును తలకిందులుగా పట్టుకుని, ఆకాశం పైఅంచు ముందు తగిలేలా తొట్టిలోకి కొంచెం కొంచెంగా దించాలి. చెయ్యి ఎక్కడ ఆగినా అక్కడ గీత పడుతుంది, చెరువు గట్టు మీద నీళ్లు తీసిన జాడలాగా. అందుకే చెయ్యి సన్నగా పైకీ కిందికీ ఆడుతూనే ఉండాలి.

చివరికి సిరా పూసి, గంజి పెట్టిన పలచని టార్లటాన్ గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం పరిచి ప్రెస్‌లో లాగుతారు. రేకు మీద గీసింది కాగితం మీద కుడి ఎడమలు మారి వస్తుంది. తెలిసిన గుడిని తెలిసినట్టు చూపాలంటే చిత్రాన్ని అద్దంలో చూసుకుంటూ గీయాలి. ఇంత పని దాగిన బొమ్మ కింద వట్టి "ప్రింట్" అని రాస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

ఇక ఫోటో వచ్చాక ఏమైందో చూద్దాం. వ్యాసకర్త చెప్పినట్టు చిత్రకారుడి అవసరం తీరిపోయి ఉంటే తొలి ఫోటోగ్రాఫర్లకు ఇబ్బందే ఉండకూడదు. వాళ్లకు వచ్చిన మొదటి పెద్ద ఇబ్బందే ఆకాశం. ఆనాటి వెండి లవణాలకు నీలం, అతినీలలోహిత కాంతి మాత్రమే కనిపించేవి. పచ్చని చెట్టూ ఎర్రమట్టీ వాటికి దాదాపు చీకటి. నేల పడేంత సేపు కటకం తెరిచి ఉంచితే, ఆలోపు ఆకాశం నెగెటివ్ మీద నల్లగా మాడిపోయేది. కాగితం మీదికొచ్చేసరికి మబ్బూ లేదు, నీలమూ లేదు, సున్నం కొట్టిన గోడ. 19వ శతాబ్దపు ఫోటోల్లో ఆకాశం అంత బోడిగా ఉండేది ఆరోజుల్లో మబ్బులు లేక కాదు.

దీనికి దారి చూపినవాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశపు గుస్తావ్ లె గ్రే. అతను చిత్రకారుడు పాల్ దెలరోష్ దగ్గర చదువుకున్నాడు. చిత్రకారుడు నేలను ఒక పూట, ఆకాశాన్ని ఇంకో పూట చూసి గీసి ఒకే తెర మీద కలపడం అతనికి కొత్త సంగతి కాదు. 1856, 57ల్లో తీసిన సముద్ర దృశ్యాల్లో కొన్నింటికి సముద్రాన్ని ఒక గాజు నెగెటివ్ మీద, ఆకాశాన్ని ఇంకో నెగెటివ్ మీద పట్టి, దిగంతరేఖ దగ్గర రెండూ కలిపి ఒకే కాగితం మీద అచ్చు తీశాడు. గుడ్డు తెల్లసొన పూసి చేసే ఆనాటి ఆల్బుమెన్ కాగితం ఎండలోనే కళ్ల ముందు నల్లబడేది. కాబట్టి సముద్రం పడేటప్పుడు ఆకాశం చోటును నల్లకాగితంతో మూసి, తరవాత నెగెటివ్ మార్చి కింది భాగం మూయడం సాధ్యమయ్యేది. ఇందులో తప్పులకు లోటులేదు. మూసిన కాగితం అంచు నెగెటివ్‌కు అతుక్కుపోయి ఉంటే దిగంతం మీద కత్తిగీత పడుతుంది. రెండు భాగాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే నల్లగీత, ఎడమైతే తెల్లగీత. మబ్బు మీద వెలుగు ఎడమ నుంచి, నీటి మీద తళుకు కుడి నుంచి ఉంటే ఎంత నేర్పుగా అతికించినా కన్ను ఒప్పుకోదు. లె గ్రే బొమ్మల్లో ఒకే మబ్బులు వేరువేరు సముద్రాల మీద కనిపిస్తాయి. తెలిసి చూస్తే తప్ప ఎవరికీ దొరకవు.

మనకు దగ్గరి ఉదాహరణ మద్రాసుదే. 1856లో మద్రాసు ప్రభుత్వం ఫోటోగ్రాఫర్‌గా నియమించిన కెప్టెన్ లినేయస్ ట్రైప్ గాజుకు బదులు పెద్ద పెద్ద కాగితపు నెగెటివ్‌లు వాడాడు. వాటి వెనక వైపు కుంచెతో రంగు పూసి మబ్బులు వేశాడు, చెట్ల ఆకుల్లో వెలుగు నింపాడు. నెగెటివ్ మీద రంగు పడిన చోట వెలుతురు ఆగుతుంది, అచ్చులో ఆ చోటు తెల్లబడుతుంది. అంటే అతను నల్లగా గీస్తే అది తెల్లమబ్బైంది. కాగితపు నార వల్ల కుంచె అంచు మెత్తబడి మబ్బు మబ్బులాగే కనిపించింది. గాజు మీద ఇదే పని చేస్తే అంచు కొట్టొచ్చినట్టు కనపడేది. తంజావూరు, మదురై గోపురాల మీద ఆ ఆకాశాలు చూసినవారికి అవి సగం ఫోటో, సగం చిత్రమని చెప్పేవారు లేరు. ట్రైప్ మోసం చేశాడని నేననడం లేదు. సైనికాధికారిగా కొలతలు తెలిసినవాడు, గోపురం మీద ఒక్క రాయి మార్చకుండా ఆకాశాన్ని చిత్రకారుడి చేతికిచ్చాడు. అదే చేయి తనది కావడం అతని అదృష్టం.

1873లో జర్మనీలో హెర్మన్ వోగెల్ కొన్ని అద్దకపు రంగులు కలిపితే ఫోటో పలకకు ఆకుపచ్చ కూడా కనిపిస్తుందని కనిపెట్టాడు. ఎరుపు కూడా చూసే పలకలు 20వ శతాబ్దం మొదట్లో బజారుకొచ్చాయి. అప్పటి నుంచి ఆకాశపు ముదురు ఎంతో నిర్ణయించేది కటకం ముందు బిగించి నీలికాంతిని ఆపే రంగు అద్దం. నలుపు తెలుపు ఫిల్ము మీద పసుపు అద్దానికి ఒక స్టాపు, అంటే రెండింతలు, ఎరుపుకు మూడు స్టాపులు, అంటే ఎనిమిదింతలు వెలుగివ్వాలి. పసుపుతో ఆకాశం మనం చూసినట్టుంటుంది. ముదురు ఎరుపుతో దాదాపు నల్లబడుతుంది. 1927లో ఆన్సెల్ ఆడమ్స్ అమెరికాలోని హాఫ్ డోమ్ శిఖరాన్ని ముందు పసుపు అద్దంతో తీసి, అది తన మనసులోని బొమ్మ కాదని, మిగిలిన పలకను ముదురు ఎరుపుతో తీశాడు. ఆ నల్లని ఆకాశం ఆరోజు అక్కడ లేదు. చిత్రకారుడు రంగు కలుపుకున్నట్టే అతను అద్దం ఎంచుకున్నాడు. ఎరుపు వాడే మిత్రులకు ఒక్క మాట: నీలికాంతి పడే నీడలు కూడా దానితోపాటే నల్లబడతాయి, పచ్చని చెట్లు బొగ్గవుతాయి. మబ్బుల మోజులో కింద పొలం పోగొట్టుకోవద్దు.

మీరు వేసిన జపాన్ చెక్క అచ్చు విషయంలో ఇంకో ముచ్చట ఉంది. ఆ ఆకాశంలోని నీలం జపాన్‌లో పుట్టింది కాదు. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో రసాయనికంగా తయారైన ప్రష్యన్ బ్లూ అది. 1830 తరవాత హొకుసాయి ఫుజి కొండ దృశ్యాలు, హిరోషిగె తొకాయిదో దారి దృశ్యాలు ఆ నీలంతోనే అంత లోతు తెచ్చుకున్నాయి. పైఅంచు దగ్గర ముదురుగా ఉండి కిందికి కరిగిపోయే ఆ పట్టీని బొకాషి అంటారు. చెక్క మీద దాన్ని చెక్కరు, అచ్చువేసేవాడు ప్రతి కాగితానికీ కొత్తగా చేస్తాడు. పలకను తడిగుడ్డతో తడిపి, పైఅంచున మాత్రం రంగు, కొంచెం వరిపిండి గంజి పెట్టి, వెడల్పు కుంచెతో అడ్డంగా లాగుతాడు. తడి ఉన్న మేరకు రంగు పలచబడుతుంది. నీళ్లు ఎక్కువైతే రంగు పారి అంచు చారికలు కడుతుంది, తక్కువైతే మధ్యలో గట్టి గీత తేలుతుంది. ఆపైన తేమ కాగితం పరిచి, వెదురు పొరతో చుట్టిన బారెన్ అనే గుండ్రని బిళ్లతో వెనక నుంచి రుద్దుతాడు. ప్రెస్ లేదు. ఒకే పలకల మీంచి తీసినా రెండు కాగితాల ఆకాశం ఒకలా ఉండదు. 1926లో యోషిదా హిరోషి ఇదే గుణాన్ని వాడుకుని, ఒకే పడవ దృశ్యాన్ని రంగులు మార్చి ఉదయం, పొగమంచు, సాయంత్రం, రాత్రి అంటూ వేరువేరు వేళలుగా అచ్చు తీశాడు.

అదే ప్రష్యన్ బ్లూ 1842లో ఫోటోగా మారింది. జాన్ హెర్షెల్ కనిపెట్టిన సైనోటైప్‌లో కాగితం మీద ఎండ తగిలిన చోట పుట్టేది ఆ రంగే. చిన్న ఊళ్లో కూడా చేసుకోగలిగిన పని గనుక కొలతలు ఇస్తున్నాను. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 25 గ్రాముల ఆకుపచ్చ ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ ఒక సీసా, 100 మిల్లీలీటర్లలో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసైనైడ్ ఇంకో సీసా. వాడే ముందు రెండూ సమానంగా కలిపి, మందమైన కాగితం మీద మెత్తని కుంచెతో పూసి చీకట్లో ఆరబెట్టాలి. పారదర్శక ఫిల్ము మీద అచ్చువేసిన నెగెటివ్‌ను దాని మీద పెట్టి, అద్దం బిగించి, మన ఎండలో 5 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. నీడ భాగాలు ఇనుప తుప్పు బూడిద రంగుకు తిరిగేదాకా ఆగాలి. తొందరపడి తీస్తే కడిగినప్పుడు సగం నీలం నీళ్లలో పోతుంది. ఇక కడగడం. మన దగ్గర చాలామంది నష్టపోయేది ఇక్కడే. ప్రష్యన్ బ్లూకు క్షారం గిట్టదు. బోరునీళ్లలో కడిగితే నీలం వెలిసి పసుపు పడుతుంది. తప్పు రసాయనానిదనుకుని మళ్లీ కొంటారు. మొదటి నీళ్లకు లీటరుకు ఒకటి రెండు గ్రాముల నిమ్మఉప్పు కలిపితే చాలు. సుద్ద కలిపి చేసే కాగితాలు కూడా ఇదే హాని చేస్తాయి.

ఒక తమాషా గమనించండి. హొకుసాయి దగ్గర నీలం ఆకాశానిది, నేల తేట. సైనోటైప్ దృశ్యంలో అదే నీలం నేల మీదికి, చెట్ల మీదికి దిగుతుంది, ఆకాశం వట్టి కాగితంగా మిగులుతుంది. రంగు ఒకటే, నూరిన రాయి వేరు.

ఫోటో, రాగి రేకు నిజంగా పెళ్లాడింది 1879 ప్రాంతంలో వియన్నాలో. కారెల్ క్లిచ్ అనే చెక్ కళాకారుడు డేనియల్‌ల నాటి రోజిన్ పొడినీ, ఫోటో జెలటిన్‌నూ కలిపి ఫోటోగ్రావ్యూర్ చేశాడు. రోజిన్ కరిగించిన రేకు మీద, వెలుతురు తగిలి గట్టిపడిన జెలటిన్ పొరను అతికించి, 40 డిగ్రీల పైచిలుకు వేడినీళ్లలో కరగనిస్తారు. దృశ్యంలో ముదురు ఉన్న చోట జెలటిన్ పలచగా, ఆకాశం ఉన్న చోట మందంగా మిగులుతుంది. తరవాత ఫెర్రిక్ క్లోరైడ్ తొట్లు వరసగా. ముందు చిక్కనిది, 45 బోమే దగ్గర (బోమే అంటే ద్రావణం చిక్కదనాన్ని కొలిచే డిగ్రీ). అది పలచని పొరనే దాటుతుంది, నీడలు మాత్రమే కొరుకుతుంది. తరవాత 43, 41, 39 అంటూ నీళ్లు పెంచుతూ పోతే మందమైన పొరలోకి కూడా చొరబడుతుంది. ఆకాశం చివరి తొట్టిలో, ఆఖరి రెండు మూడు నిమిషాల్లో వస్తుంది. చిక్కనిది ఎక్కువ బలమైనది కాబట్టి లోతుగా చొరబడుతుందని కొత్తవారు అనుకుంటారు. జరిగేది తలకిందులు. జెలటిన్ ఉబ్బాలంటే నీళ్లు కావాలి. గదిలో తేమ మారితే లెక్కంతా మారుతుంది. విశాఖలో జూలైలో సరిపోయిన నిమిషాలు హైదరాబాదులో ఏప్రిల్‌లో సరిపోవు. పొర మరీ ఎండితే ఆకాశం అసలు కొరకబడదు. తేమ ఎక్కువైతే అన్నీ ఒకేసారి కొరకబడి మబ్బు కొండలో కలిసిపోతుంది. పొరకు సున్నితం తెచ్చే డైక్రోమేట్ విషం, క్యాన్సర్ కారకం. చేతి తొడుగులు లేకుండా ముట్టరాదు. దాని జోలికి పోలేని కళాశాలలకు నీళ్లతో కడిగే ఫోటోపాలిమర్ రేకులున్నాయి. వాటికి ముందు సన్నని చుక్కల తెరను, తరవాత దృశ్యాన్ని, రెండుసార్లు వెలుతురు చూపించాలి. మొదటిది మరిచిపోతే ముదురు చోట్లన్నీ గుంటలై, తుడిచేటప్పుడు సిరా పోయి వెలవెలబోతాయి.

ఇంగ్లండులో ఫోటోగ్రాఫర్ పీటర్ హెన్రీ ఎమర్సన్ నార్ఫోక్ చిత్తడి నేలల దృశ్యాలను చిత్రకారుడు గుడాల్‌తో కలిసి 1886లో ప్లాటినం లవణాలతో తీసే ఫోటో అచ్చులుగా తెచ్చాడు. ఆ తరవాత రాగి రేకు వైపు తిరిగి ఆ పని తన చేతులతో నేర్చుకున్నాడు. అమెరికాలో ఫోటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ 1903 నుంచి 1917 వరకు నడిపిన "కెమెరా వర్క్" పత్రికలో ఫోటోలు వచ్చింది ఎక్కువగా ఫోటోగ్రావ్యూర్‌లోనే. ఫోటోగ్రాఫర్లు తమ పని చిత్రకళకు సాటి అని చెప్పదలుచుకున్నప్పుడు అచ్చు కళాకారుడి రేకునే ఎంచుకున్నారు.

కెమెరా ఊసే లేకుండా అచ్చు కళ ప్రకృతిని ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చెప్పాలంటే మన కృష్ణారెడ్డి పేరు రావాలి. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, ప్యారిస్‌లో అతెలియే 17 అనే అచ్చు కళాకారుల కార్యశాలలో ఒకే రేకు మీద అనేక రంగులు ఒకే లాగుడులో తీసే పద్ధతికి రూపమిచ్చినవారిలో ఆయన ఒకరు. రేకును రెండు మూడు లోతుల్లో కొరికిస్తారు. నూనె ఎక్కువ కలిపిన పలచని సిరాను గట్టి రోలరుతో పైమట్టం మీద మాత్రం ఎక్కిస్తారు. తరవాత నూనె తక్కువైన చిక్కని సిరాను మెత్తని రోలరుతో లోతుల్లోకి దించుతారు. పైన ఉన్న నూనె సిరా చిక్కని సిరాను అంటనివ్వదు, కాబట్టి రంగులు కలవకుండా పక్కపక్కనే నిలుస్తాయి. 1963 నాటి "వర్ల్‌పూల్" దగ్గరికెళ్లి చూస్తే సుడిగుండం బొమ్మ కాదు, నీళ్లు తిరిగే తీరే రేకులో కొరికి ఉంటుంది. ప్రకృతి చిత్రాల మీద తెలుగు పత్రికలో రెండు పేజీలు వచ్చి, అందులో ఆయన లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇక బొమ్మల కింది మాట సంగతి. అసలు ఏది ఏదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, పది రెట్లు పెద్దది చేసే బూతద్దం చాలు. దాన్ని ఆకాశం మీద పెట్టండి. ఎక్కడా చుక్క లేకుండా పొగలా జారిపోతే వెండి జెలటిన్ ఫోటో. తెల్లని సన్నగింజల చుట్టూ సిరా వలలా అల్లుకుని, ఏ రెండు గింజలూ ఒకలా లేకపోతే ఆక్వాటింట్ లేదా ఫోటోగ్రావ్యూర్. వేలితో తడిమితే బొమ్మ చుట్టూ రేకు నొక్కిన పల్లం తగలాలి. కాగితం నారలో రంగు ఇంకి, వెనక తిప్పితే బారెన్ రుద్దిన జాడలుంటే చెక్క అచ్చు. వరస తప్పని చుక్కలు చిన్న పువ్వుల్లా కనిపిస్తే ఆఫ్‌సెట్. సన్నని రంగు తుంపరలు అడ్డదిడ్డంగా చల్లినట్టుంటే ఇంక్‌జెట్. కాన్వాసు మీద ఇంక్‌జెట్ తీసి, పైన పారదర్శక జెల్‌తో కుంచె జాడలు పులిమి అమ్ముతున్నవి ఈమధ్య ఎక్కువయ్యాయి. వాటిలో జెల్ గీతలు ఒక వైపు, కింద రంగు అంచులు ఇంకో వైపు పోతాయి. చిత్రంలో కుంచె ఎటు లాగితే రంగు అటే పోవాలి.

ఇంక్‌జెట్ తక్కువదని నేననను. మంచి పిగ్మెంటు సిరాతో, మంచి కాగితం మీద ఫోటోగ్రాఫర్ స్వయంగా తీసుకున్న ఇంక్‌జెట్ అచ్చు అతని అసలు పనే. నీటిరంగుల చిత్రానికి తీసిన ఇంక్‌జెట్ మాత్రం నకలు. దాని మీద పెన్సిల్‌తో 3/25, అంటే 25 అచ్చుల్లో మూడోది, అని రాసినంత మాత్రాన అచ్చు కళ కాదు. రాగి రేకుకు ఆ లెక్క ఎందుకొచ్చిందంటే, పైన ఉక్కుపూత వేయకపోతే కొన్ని పదుల అచ్చులకే రేకు అరుగుతుంది. ముందు పోయేది ఆకాశంలోని లేత గింజే.

చివరిగా మీ ముద్రణ విభాగానికి ఒక విన్నపం. 1880 మార్చి 4న న్యూయార్క్ డైలీ గ్రాఫిక్ పత్రిక చుక్కల తెర ద్వారా ఫోటోను నేరుగా అచ్చు వేసింది. ఈరోజు మీ పేజీలో బొమ్మ వచ్చేదీ అలాంటి చుక్కలతోనే. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుని చుక్కను ఉబ్బిస్తుంది, ముదురు భాగాలు మూసుకుపోతాయి. మరోవైపు మూడు శాతం కన్నా చిన్న చుక్కలు కాగితానికి అంటకుండా పోతాయి. ఆక్వాటింట్‌లో మబ్బులు మాయమై ఆకాశం బోడిగా వచ్చింది అందుకే. 19వ శతాబ్దపు ఫోటోగ్రాఫర్ కష్టమే మీ పేజీలో మళ్లీ వచ్చింది. పేజీకి పంపేముందు తెల్లటి భాగంలో కూడా మూడు నుంచి ఐదు శాతం చుక్క ఉండేలా చూసుకుని, మధ్య ఛాయలను కొంచెం తేలిక చేస్తే మబ్బు నిలుస్తుంది. జపాన్ బొమ్మ మీద కనిపించిన అలల గళ్లకు కారణం వేరు. దాన్ని అసలు అచ్చు నుంచి కాకుండా ఏదో పుస్తకంలోని ఆఫ్‌సెట్ బొమ్మ నుంచి స్కాన్ చేసి ఉంటారు. ఆ చుక్కలూ మీ చుక్కలూ ఒకదానితో ఒకటి తగువులాడాయి. మ్యూజియంలు నేరుగా ఇచ్చే డిజిటల్ బొమ్మ దొరికితే అదే వాడండి. తప్పనిసరైతే స్కానర్‌లో చుక్కలు తీసే సదుపాయం వాడి, ఆ తరవాతే బొమ్మను కుదించండి.

బొమ్మ కింద మూడు నాలుగు మాటలు ఎక్కువ పట్టేంత చోటు ఎప్పుడూ ఉంటుంది. "థామస్, విలియం డేనియల్, ఆక్వాటింట్, చేత్తో వేసిన రంగులు" అనో, "లె గ్రే, 1857, ఆల్బుమెన్ ఫోటో" అనో వేయండి. నకలైతే "నీటిరంగుల చిత్రానికి ఇంక్‌జెట్ నకలు" అనే వేయండి, అసలు చిత్రం కొలత కూడా సెంటీమీటర్లలో ఇవ్వండి. అరచేతంత ఫోటోగ్రావ్యూరూ, గోడంత తైలవర్ణ చిత్రమూ మీ పేజీలో ఒకే సైజులో పక్కపక్కన వచ్చినప్పుడు చదివేవారికి ఆ ఒక్క అంకె చాలా అవసరం.

భవదీయుడు,
ఒక అచ్చు చిత్రకారుడు, విశాఖపట్నం